నల్లద్దం వెనక పది నిమిషాల ఆకాశం

ఆ రోజుల్లో మా తలలకు ఆముదమే కవచం. ఎండైనా వానైనా, మగ్గం చట్రం తగిలి బొప్పికట్టినా అదే మందు. ఇప్పుడు మా మనవడు సెలవుల్లో సరదాగా ఆకాశంలో తిరిగిరావడానికి హెల్మెట్టు కొనాలని మూడు వారాలుగా ఫోనులో వెతుకుతున్నాడు. ముందు అద్దానికి పొగరంగు మంచిదా, తేనెరంగు మంచిదా అని ముక్కూమొహం తెలియని వాళ్ల అభిప్రాయాలన్నీ శ్రద్ధగా చదువుతున్నాడు. పక్కనే కూర్చున్న తాతను మాత్రం అడగడు. (తాతకేం తెలుసు? బడికి పోకుండా పొట్లాం కాగితాలు చదివి అక్షరాలు నేర్చినవాడు. జ్ఞానమంతా ఫోనులోనే పుట్టింది గదా.) వాడు అడగలేదు గనక మీకు చెబుతున్నాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. మణవాళనగర్‌లో మా నాయన పక్కన మగ్గంలో కూర్చునేవాణ్ణి. మద్రాసు నుంచి కొందరు దొరబాబులు ఆదివారాలు మా ఊరి బయట బీడుకు వచ్చి ఒక యంత్రాన్ని ఎగరేసేవారు. పైన గాలిపటంలాంటి పెద్ద రెక్క, కింద రెండు సీట్లు, వెనక చెవులు చిల్లులు పడే ఇంజను. దానిమీద కప్పే గుడ్డ చిరిగితే నేనే కుట్టి ఇచ్చాను. కుట్టు చూసి ముచ్చటపడి, దాన్ని నడిపే ఆయన ఒక మాట ఇచ్చాడు. వచ్చే ఆదివారమే అక్కడ వాళ్లకు ఆఖరు, ఆ రోజు నన్ను ఒక్క చుట్టు తిప్పుతాడు. కాకపోతే హెల్మెట్టు నాదే ఉండాలి, తలకు బిగుతుగా ఉండాలి. అది తప్పితే ఈ జన్మకు ఆకాశం లేదని నాకు అర్థమైపోయింది.

తిరువళ్ళూరు బస్టాండు దగ్గర శెట్టి అంగడిలో స్కూటరు హెల్మెట్లు వరసగా వేలాడుతుండేవి. అప్పట్లో నా జుట్టు చెవులు దాటి కాలరు మీదికి దిగేది. (అది జుట్టు కాదు, నా ఆస్తి.) ఆ జుట్టుకు సరిపడా పెద్దది ఒకటి వెతికి పట్టుకున్నాను. తెల్లద్దం వద్దు, నల్లద్దమే కావాలన్నాను. శెట్టి నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"నువ్వు చూసేదానికా అబ్బాయా, నిన్ను చూసేదానికా?"

ఇంత మంచి ప్రశ్న నన్ను జీవితంలో ఇంకెవరూ అడగలేదు. నేను నల్లద్దం దించి, అంగడి అద్దంలో నన్ను నేను చూసుకుని పరవశించాను.

ఇంటికొచ్చేసరికి మా అమ్మ తన షరతు సిద్ధం చేసుకుని ఉంది. తిరుత్తణి సామికి తలనీలాలు ఇచ్చి ఎగరాలి. ఎగిరి వచ్చి ఇస్తానని ఎంత బతిమాలినా వినలేదు.

"కిందపడినంక ఇస్తే సామి తీసుకుంటాడా రా? ముందు మొట్ట, వెనక నీ మోటారు."

శనివారం తిరుత్తణి రైలెక్కాను. కొండమీద నా ఆస్తి మొత్తం క్షణాల్లో నేలపాలైంది. గుండు నిండా గంధం పూశారు. ఆ రోజంతా తల కడగకూడదని, మరుసటి రోజు కూడా కడగకపోతే ఇంకా మంచిదని అమ్మ ఉత్తర్వు. తిరిగొచ్చి హెల్మెట్టు పెట్టుకుంటే గంగాళంలో నిమ్మకాయ వేసినట్టుంది. నేను ఇటు తిరిగితే అది అటే చూస్తోంది. మా నాయన మగ్గం మీద నుంచి లేవకుండానే, దాన్ని అమ్మ నెత్తిన పెట్టి ఆమెనే పంపమని సలహా ఇచ్చాడు. చివరికి మేం నేసిన తువ్వాలునే లోపల కూరుకుని బిగించాను. ఆదివారం ఆ పెద్దమనిషి హెల్మెట్టు పట్టుకుని ఊపి చూసి, కదలకపోయేసరికి తృప్తిపడి నన్ను వెనక సీట్లో కట్టేశాడు. రెండు చేతులతో కడ్డీలు పట్టుకో, ఏం జరిగినా వదలొద్దు అన్నాడు.

ఏం జరిగిందంటే, నేల వదిలిన కాసేపటికే చెమట పట్టింది. చెమటకు గంధం కరిగింది. కరిగిన గంధం మీద తువ్వాలు వెనక్కి జారింది, హెల్మెట్టు నింపాదిగా ముక్కు మీదికి దిగింది. ఇక నా ముందు చీకటి, మంచి గంధపు వాసన. చేతులు వదలరాదు. ముందున్న ఆయన పాపం ఇంజను హోరులో గొంతు చించుకుని, అదిగో పూండి చెరువు, అదిగో రైలు అని చూపిస్తున్నాడు. నేను మర్యాదకు తల ఊపాను. ఊపిన ప్రతిసారీ అది ఇంకో అంగుళం దిగింది. అలా పది నిమిషాలు ఆకాశయానం చేసి, నేల తగిలాక దాన్ని పైకెత్తుకుని బీడును చూశాను. ఎలా ఉందని ఆయన అడిగితే, మాటల్లో చెప్పలేను అన్నాను. (అందులో అబద్ధమేముంది?)

ఇంట్లో అమ్మ అప్పుడే స్నానం చేసి పచ్చ చీరలో గుమ్మం దగ్గర నిలబడి ఉంది. చెరువూ రైలూ ఆమెకు అక్కర్లేదు.

"మిద్ది మీద నిలబడి చెయ్యూపితిని. చూస్తివా నాయనా?"

"చూడకేం మా, చూసినా."

"యే చీర కట్టుకోనుంటి?"

మగ్గం మీద పెరిగినవాణ్ణి, రంగుల పరీక్ష నాకా? ఎదురుగా ఉన్న చీరనే చూసి ధీమాగా చెప్పాను. "ఈ పచ్చదే. పైనుంచి బాగా కొట్టొచ్చినట్టు కనబడింది."

ఆమె తన కొంగు వంక ఒకసారి చూసుకుంది. అప్పుడు నా కళ్లు పెరట్లోకి పోయాయి. తీగ మీద అప్పుడే పిండి ఆరేసిన చెంగావి చీర నీళ్లోడుతోంది. అమ్మ అన్నం తిందువుగాని రమ్మని లోపలికి పోయింది.

సాయంత్రం వీధి కొళాయి దగ్గర ఆడవాళ్లంతా చేరినప్పుడు ఆమె గొంతు మా మగ్గం దాకా వినబడింది.

"అంత పైనుంచి కూడా నా బిడ్డ నన్ను గుర్తుపట్టినాడు. చెంగావి చీర కట్టుకోనుంటివి మా అని కరెక్టుగా చెప్పినాడు."

మా నాయన దగ్గాడు. నేను వంచిన గుండు ఎత్తలేదు. బతికినంత కాలం ఆమె ఆ కథ చెబుతూనే ఉంది, ఒక్కసారైనా రంగు మార్చలేదు. ఆకాశం దాకా పోయి ఏమీ చూడకుండా వచ్చిన ఆ వెర్రివాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ మిద్దె మీద ఆమె ఎంతసేపు చెయ్యూపిందో అడిగి ఉండవలసింది.