కిటికీకి కాఫీ పొట్లం

కార్ల్స్‌రూహెలో ఎమ్మెస్ చదివి, వస్తుందనుకున్న ఉద్యోగం కరోనాలో చేజారిపోయాక, నేనూ మా ఆయనా తూర్పు జర్మనీలో ఒక చిన్న ఊరికి చేరాం. అక్కడ అద్దెలు తక్కువ. వీధిగదిలో దోసెల కొట్టు పెట్టాం. పెట్టీపెట్టగానే మళ్ళీ లాక్‌డౌన్ వచ్చిపడి, జనాన్ని లోపల కూర్చోబెట్టడం బంద్ అయింది. ఇక మిగిలింది వీధివైపు కిటికీ. అందులోంచి పార్సెళ్ళు అమ్మితే కొట్టు బతుకుతుంది. లేకపోతే కొట్టూ గోవిందా, దాని మీద ఆధారపడ్డ నా వీసా కూడా గోవిందా.

కిటికీ తెరవాలంటే ఎవరో ఒకరు సరేననాలి కదా. ఈ విషయంలో నాకెంత నమ్మకమో మా ఇంటి ఓనరుకూ అంతే నమ్మకం. ఎనభై దాటిన ముసలాయన. నేను ఓపా అనేదాన్ని, అంటే తాతా అని. కమ్యూనిస్టుల కాలంలో ఆయన ఇదే గదిలో సర్కారు క్యాంటీన్ నడిపాడు. ఈ కిటికీలోంచి సాసేజీలు అమ్ముతానని ఏళ్ళ తరబడి అడిగాడట. కొట్టూ సర్కారుదే, సాసేజీలూ సర్కారువే, అయినా తెరవనివ్వలేదు.

"ఎందుకని?" అన్నాను.

"నేనిచ్చిన కాఫీ మంచిది కాదు," అన్నాడు ఏమాత్రం నవ్వకుండా. బెర్లిన్ గోడకు అవతల, పశ్చిమ జర్మనీ నుంచి వచ్చిన కాఫీ అయితే పనయ్యేదట.

ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. ఆఫీసులకి ఉత్త చేతులతో వెళ్ళేవాళ్ళని మా ఇంట్లో వెర్రిబాగులవాళ్ళ కింద జమకట్టేవారు. ఆయన కాఫీ తెస్తానన్నాడు, నేను సున్నుండలన్నాను.

ఉండలు చుడుతుంటే మా ఆయన, వరంగల్ మనిషి, గుమ్మంలో నిలబడి చూశాడు.

"టెర్మిన్ దొరికిందా?"

"దొరికింది, రేపే రమ్మన్నారు మున్సిపల్ ఆఫీసుకి."

"మరి గీ డబ్బా ఎందుకే?"

"నీకు తెలీదులే, ఊరుకో."

"ఉత్తగనే పోయి అడుగరాదు?"

"అడిగితే కాదంటే?"

మా ఆయన ఒక సున్నుండ నోట్లో వేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు ఓపా ఎప్పటిదో సూటు తొడుక్కుని వచ్చాడు. కోటు లోపల కాఫీ పొట్లం దాచుకోవడంతో ఒక పక్కకే పొట్ట వచ్చినట్టుంది. ఆఫీసులో ఫైబర్ అద్దం వెనక ఒక అమ్మాయి కూర్చునుంది. మేం వచ్చిన పనేదో చెప్పకముందే ఓపా కాఫీని అద్దం కింది సందులోంచి తోశాడు. నేను డబ్బా తోశాను. అది పట్టక మధ్యలో ఇరుక్కుంది. అటునుంచి ఆమె తోస్తోంది, ఇటునుంచి నేను తోస్తున్నాను.

"ఇవేంటి?" అంది ఆమె.

"ఆమెవి," అన్నాడు ఓపా.

"ఆయనవి," అన్నాను నేను.

ఇలాంటివి తీసుకుంటే తన ఉద్యోగం పోతుందని ఆమె నెమ్మదిగా చెప్పి, కాఫీ వెనక్కి తోసి, ఇంతకీ ఏం కావాలని అడిగింది. నేను చెమటలు కక్కుతూ కిటికీ సంగతి చెప్పాను.

"కొట్టు రిజిస్టరై ఉందిగా? పార్సెళ్ళు ఎవరైనా అమ్మొచ్చు. మీ కిటికీ తెరుచుకోవడానికి నన్నడగక్కర్లేదు."

"మరి ఎవర్నడగాలి?" అన్నాడు ఓపా.

"ఎవర్నీ అడగక్కర్లేదు."

ఆయన మళ్ళీ అడిగాడు. ఆమె మళ్ళీ అదే చెప్పింది.

బయటికొచ్చాక నేను పొట్ట పట్టుకుని నవ్వాను. ఓపా మెట్ల మీద కూలబడ్డాడు.

"ఆ సర్కారు పోయి ముప్పై ఏళ్ళు. అప్పట్నుంచీ తెరవొచ్చన్నమాట," అన్నాడు.

నా నవ్వు ఆగిపోయింది. పక్కన కూర్చుని డబ్బా మూత తీశాను. ఇద్దరం అక్కడే సున్నుండలు తిన్నాం.

మర్నాడు పొద్దున ఆ కాఫీ నేనే కాచాను. మా ఆయన పెనం వేడెక్కించాడు. బయట నలుగురు వచ్చి నిలబడ్డారు. కిటికీ తియ్యమని ఓపాకే చెప్పాను. ఆయన గడియ మీద చెయ్యి వేసి, వీధిలో అటూ ఇటూ చూసి, నా వైపు వంగి గుసగుసగా అడిగాడు.

"తియ్యొచ్చా?"

"మీ ఇష్టం, ఓపా."

ఆ మాట ఆయనతో ఎవరూ అని ఉండరు. ఆయన కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచాడు.