రెగ్జిన్ అని చెప్పిన సీట్లు

తిరుపతిలో ఒక కాలేజీ ఆఫీసులో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరయ్యాక నేను చేసిన మొదటి పని కారు కొనడం. పాతికేళ్ళు దాటిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. పైకప్పు గుడ్డది, మడిచి వెనక్కి తోసేయవచ్చు. చెన్నైలో దాన్ని అంతకుముందు వాడినాయన మోజుపడి లోపలంతా అసలైన తోలు వేయించాడు. ముదురు గోధుమ రంగు, చేత్తో నిమిరితే వెచ్చగా ఉండేది. అరవై దాటినవాడికి ఈ వేషం ఏమిటని ఇంట్లో అన్నారు. వాళ్ళన్నది నిజమే. అయినా కొన్నాను.

మా అన్న నాకంటే ఆరేళ్ళు పెద్ద. మా పక్క వీధిలోనే ఉంటాడు. వడమాలపేట దాటి కొంచెం లోపలికి పోతే మా పెద్దల నాటి ఊళ్ళో ఒక చిన్న పెరుమాళ్ళ గుడి ఉంది. అర్చకత్వం మా ఇంటిది. నేను ఉద్యోగంలో పడి దాన్ని వదిలేశాను. అన్నా, మా చిన్నాన్న కొడుకూ వంతులు వేసుకుని చేస్తున్నారు. శనివారాలు, ఏకాదశులు అన్న వంతు. మోకాలు దెబ్బతిని ఆయన స్కూటరు మానేశాక, నేనే తీసుకుపోతానని మాట ఇచ్చాను.

అన్నకు ఒక పట్టింపు ఉంది. స్నానం చేసి నామం పెట్టుకున్నాక ఒంటికి తోలు తగలకూడదు. చెప్పులు రబ్బరువి, గడియారం పట్టీ ఉక్కుది. బెల్టు ఏనాడూ కట్టలేదు. ఇంకొకరిని ఇట్లా ఉండమని చెప్పడు. తాను మాత్రం తప్పడు.

మొదటి శనివారం తెల్లవారాక కారు ఆయన వాకిట్లో ఆపాను. అన్న తలుపు తీసి లోపలికి వంగి చూశాడు.

“ఇది తోలు కాదు గదరా?”

“రెగ్జిన్ న్నా. ఈ కాలంలో తోలు ఎవురేస్తారు?”

“అట్లయితే సరే. ఇంత కిందికి ఎట్లా దిగేదిరా, బావిలోకి దిగినట్లుండాది.”

“ముందు కూసో. మళ్ళ కాళ్ళు లోపలికి లాక్కో.”

“పెరుమాళ్ళను సూసేదానికి ఇన్ని ఆసనాలా” అని నవ్వుకుంటూ కూర్చున్నాడు.

నాకు అబద్ధం చెప్పేటప్పుడు గొంతు మారదు. ఎదుటి మనిషి నొచ్చుకోకుండా, పని ఆగకుండా, ఆ పూట గడిచిపోయేటంత చిన్న అబద్ధాలే ఆడేవాణ్ణి. ఆఫీసులో అదొక నేర్పు అనుకునేవాళ్ళు. నేనూ అట్లాగే అనుకున్నాను. ఆ రోజు నిజం చెప్పి ఉంటే అన్న కారు ఎక్కేవాడు కాదు. కొత్తగా కొన్న కారులో అన్నను పక్కన కూర్చోబెట్టుకుని ఊళ్ళోకి పోవాలనీ, జనం చూడాలనీ నాకు ఉండింది. ఉన్నమాట ఇంతే.

అట్లా రెండేళ్ళు గడిచాయి. గుడ్డ పైకప్పు పాతబడి, వానలకు నీళ్ళు సీట్ల మీదికి దిగాయి. కుట్లు ఊడిపోయాయి. ఒక శనివారం కారులో కూర్చోగానే అన్న ముక్కు చిట్లించాడు.

“ఏందిరా ఈ వాసన?”

“స్పాంజి తడిసినాది న్నా.”

తడిసిన తోలు వాసన అది. ఆ మాట అన్నాక నాకు మొదటిసారి భయం వేసింది. సీట్లు మార్పించి నిజంగానే రెగ్జిన్ వేయిస్తే నేను చెప్పినది నిజమైపోతుందనుకున్నాను. ఇక ఎవరికీ ఏమీ చెప్పుకోవలసిన పని ఉండదు.

రేణిగుంట రోడ్డులో కారు సీట్లు కుట్టే ఆయన ఒకడు ఉన్నాడు. నగరిలో నేతవాళ్ళ ఇంట పుట్టి, మగ్గం మాని, కుట్టుమిషను పట్టినవాడు. నాకు కావలసింది చెబితే ఆయన సీటును బొటనవేలితో నొక్కి చూశాడు.

“తోలు తీసేసి రెగ్జినా? జనం రెగ్జిన్ తీసేసి తోలు ఏయించుకుంటా ఉండారు. నువ్వు యాడి మనిషివప్పా?”

“నాకు రెగ్జినే కావాల.”

“ఏస్తాలే. కారణం ఏందో అని అడిగినా.”

ఎందుకో చెప్పేశాను. బయటివాడికి చెప్పడం తేలిక. ఆయన నవ్వలేదు.

“రెగ్జిన్ ఏసినాక మీ అన్న సామికి సెప్తావా?”

“సెప్పేదానికి ఏముంటాది? అప్పుడు నిజంగానే రెగ్జిన్ గదా.”

“ఆమా, ఆమా” అని తల ఊపి కత్తెర అందుకున్నాడు.

ఆ పని చూడడానికి బాగుండేది. పాత తొడుగును చింపకూడదు. కుట్టు కుట్టూ విప్పి, ఒక్కొక్క ముక్కకు వెనక సుద్దతో అంకె వేసి, చాప మీద వరసగా పరుస్తాడు. పాతముక్కను కొత్తదాని మీద పెట్టి గీసుకుంటేనే సీటు వంపులు తప్పకుండా వస్తాయి. స్పాంజిని ముట్టుకుంటే పసుప్పచ్చ పొడి రాలింది. మొదటి రోజంతా స్టూలు మీద కూర్చుని చూశాను.

ఆ శనివారం అన్న గుడికి బస్సులో పోయి, తిరిగి వస్తూ కారు ఎంతవరకు వచ్చిందో చూద్దామని ఆ షాపు దగ్గర దిగాడు. చాప మీది ముక్కల్లో ఒకటి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. వెనక్కి తిప్పి నూగును వేలితో రాసి చూశాడు. వెనకవైపు చూస్తే తోలేదో రెగ్జినేదో పసిపిల్లవాడైనా చెప్పేస్తాడు. అన్నకు తెలియలేదు. జీవితంలో ఆయన తోలును చేత్తో పట్టుకుని చూసి ఉండడు.

“ఎంత మెత్తగా ఉండాదిరా. ఇవి ఏం జేస్తారప్పా?”

“పారేసేదే సామీ” అన్నాడు కుట్టే ఆయన.

“పారేసేదేంది? మా పల్లకి దండెలకు భుజం ఆనే తావ గోనెపట్ట సుట్టినారు. సెమటకు కుళ్ళిపోయినాది. దీంతో మెత్తలు కుట్టియ్యి. ఉత్సవానికి పనికొస్తాది.”

నా చేతిలో టీ గ్లాసు ఉంది. దాన్నే చూస్తూ, “కొత్త రెగ్జిన్ తెప్పిద్దాంలే న్నా” అన్నాను.

“కొత్తది గట్టిగా ఉంటాది. మోసేవాళ్ళ భుజాలు దోక్కపోయి పుండ్లయితాయి. ఇదే మేలు.”

కుట్టే ఆయన నా వైపు చూశాడు. “సెరి సామీ, కొలతలు తెచ్చియ్యండి” అని ఆయనే మాట దాటవేశాడు.

అన్న ఆటో ఎక్కి వెళ్ళిపోయాక ఆయన మిషను ముందు నుంచి లేచాడు.

“నేను కుట్టను సార్. కుట్టనంటే సామి ఎందుకని అడుగుతాడు. అప్పుడు నా నోట్లో ఏమొస్తాదో నాకే తెలీదు. నువ్వే సెప్పు.”

వెంటనే పోయి చెప్పానని రాస్తే ఇది ఇంకొక అబద్ధమవుతుంది. ఆరు రోజులు చెప్పలేదు. మెత్తటి రెగ్జిన్ ఒకటి వెతికించి, పాతదే అని చెప్పి మెత్తలు కుట్టిస్తే ఎట్లా ఉంటుందని ఆలోచించాను. ఆ రంగు ఎక్కడ దొరుకుతుందో రెండు షాపులు తిరిగి చూశాను కూడా. రెండో షాపులో బల్ల మీద రకరకాల గోధుమ రంగులు పరచి, “దేనికి సార్?” అని అడిగినప్పుడు ఇంకొక అబద్ధం నోటిదాకా వచ్చేసింది. తోలు పల్లకి ఎక్కకుండా ఆపాలంటే నిజం ఒక్కటే దారి అని కాదు, ఇంకా దార్లు ఉన్నాయి. కానీ ప్రతి దారిలోనూ అన్నను ఇంకోసారి మోసం చేయాలి. బయటికి వచ్చేశాను.

శుక్రవారం పొద్దున పోయేటప్పటికి అన్న అరుగు మీద తులసి మాల కడుతున్నాడు. నిలబడే చెప్పాను.

“అన్నా, కారు సీట్లు తోలువి. మొదట్నుంచీ.”

నారపోగు మీద వేళ్ళు ఆగాయి.

“నీకు తెలుసునా?”

“తెలుసు.”

“నేను అడిగినాను గదరా.”

“అడిగినావు.”

మాలను ఒళ్ళోకి దించుకున్నాడు. “రెండేండ్లు లోపలికి పోయినాను. స్వామిని ముట్టుకున్నాను” అన్నాడు. తరువాత, “ఎందుకు సెప్పినావురా అట్లా?”

“తోలంటే ఎక్కవని.”

“ఎక్కకపోతే ఏమైతాది? బస్సులో పోయుందును గదా.”

అన్న మాల పక్కన పెట్టి, స్నానానికి పెరట్లోకి వెళ్ళాడు. నేను కాసేపు నిలబడి వచ్చేశాను.

ఆ మరునాడు ఆయన గుడికి పోలేదు. ఆ తరువాతి శనివారమూ పోలేదు. ఈ సంగతి నాకు చిన్నాన్న కొడుకు ఫోను చేస్తేనే తెలిసింది.

“శుద్ధికని పుణ్యాహవాచనం సేయించినాడన్నా. తోలు మీద కూసున్నానని నాతో సెప్పినాడు. తోలుకూ రెగ్జిన్‌కూ తేడా తెలీలేదంట. వయసైపోయినాది. వంతు నాకు ఇచ్చేసి ఇంట్లో ఉండమని నువ్వన్నా సెప్పు.”

నా పేరు ఎత్తలేదు అన్న. తప్పు తనదిగా చెప్పుకున్నాడు. యాభై ఏళ్ళుగా చేస్తున్న వంతు దాంతో పోయేట్టుంది. నేను నోరు మూసుకుంటే పోతుంది కూడా.

అప్పుడే బస్సెక్కి పోయాను. చిన్నాన్న కొడుకు గుడి మండపంలో వత్తులు చేసుకుంటున్నాడు. ఏ రోజు అన్న ఏమని అడిగాడో, నేను ఏమన్నానో, తడి వాసన సంగతీ, పల్లకి మెత్తల సంగతీ అన్నీ చెప్పాను. ఆయన వత్తులు పక్కన పెట్టి నన్ను కిందినుంచి పైకి చూశాడు.

“ఆఫీసులో అంతమంది మీద అజమాయిషీ సేసినోడివి. కారుకు ఉండేది రెండు సీట్లు. అబద్ధానికి మూడో సీటు యాడ దొరికినాదన్నా నీకు?”

“నన్ను ఏమన్నా అను. అన్న వంతు ముట్టుకోవద్దు.”

“నేనేమన్నా పులినా ఆయన వంతు పీక్కునేదానికి. మతి తప్పినాదేమో అనుకున్నా.” వత్తులు మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని, “పోన్లే, ఆయన మతి బాగానే ఉండాది” అన్నాడు.

ఎవరి మతి బాగాలేదో చెప్పనందుకు ఆయనకు నేను రుణపడి ఉన్నాను.

అక్కడినుంచి తిన్నగా రేణిగుంట రోడ్డుకు వచ్చి, రెగ్జిన్ వద్దు, గుడ్డ వేయమన్నాను. సీటుకు వేశాక కళ్ళకు రెగ్జినూ తోలూ ఒకటిగానే కనిపిస్తాయి, ఎవరో ఒకరి మాట నమ్మాలి. గుడ్డయితే చూస్తేనే తెలుస్తుంది. కుట్టే ఆయన వాళ్ళ ఊరినుంచి మందపాటి నూలుగుడ్డ తెప్పించాడు. బూడిద రంగు మీద సన్నని ఎర్రచారలు. పాత ముక్కల ప్రకారమే గీసి, కత్తిరించి, డోర్లకూ అదే వేశాడు. పని అయ్యాక తోలు ముక్కలు చెప్పులు కుట్టేవాళ్ళకు ఇచ్చేశాడు. స్పోర్ట్స్ కారు లోపల ఇప్పుడు మంచం మీద దుప్పటి పరచినట్టుంది. చూసినవాళ్ళు నవ్వుతారు.

కారు తయారైన రోజు అన్నను రమ్మని అడగడానికి ధైర్యం చాలలేదు. కుట్టే ఆయనే ఫోను చేశాడు. అన్న వచ్చి తలుపు తీసి, సీటును అరచేత్తో తడిమి చూశాడు. నేను పక్కనే ఉన్నాను. ఆయన నా వైపు తిరగలేదు.

“లోపల ఏముండాదప్పా?”

“కొత్త స్పాంజి సామీ. ఈడ జిప్పు పెట్టినా, సూడండి.” ఆయన జిప్పు లాగి చూపించాడు. అన్న వేళ్ళు లోపలికి పెట్టి చూశాడు.

“దారం?”

“నైలాను.”

“జిగురు?”

“జిగురే పెట్టలా సామీ. అంతా కుట్టే.”

నేను రెండడుగులు వెనక్కి జరిగాను. అడగవలసినవన్నీ అడగనివ్వాలి గదా.

తరువాతి శనివారం అన్న కారెక్కాడు. వడమాలపేట వరకు వాన గురించీ, మోకాలి గురించీ మాట్లాడాడు. మునుపటిలాగే ఉన్నాడని కాసేపు అనుకున్నాను. ఉత్సవానికి పల్లకి మెత్తలు అదే నూలుగుడ్డతో కుట్టించాడు. షాపు నుంచి నేను తెస్తానన్నాను. “వద్దులే” అని తానే బస్సులో వచ్చి తీసుకుపోయాడు. తాను మటుకు నా కారులో కూర్చుంటాడు, స్వామి వస్తువు నా చేతికి ఇవ్వడు. ఇంతకంటే న్యాయంగా ఎవరు ఉండగలరు?

ప్రతి ఏడూ ఉత్సవంలో పల్లకికి నేనూ భుజం పెట్టేవాణ్ణి. ఈసారి అన్న పిలవలేదు, నేను ముందుకు పోలేదు. జనంలో నిలబడి చూశాను. మెత్తలు బాగానే కుదిరాయి, దండె భుజం మీద జారలేదు. వచ్చే ఏడు పిలిస్తే పోతాను. పిలవమని మాత్రం అడగను.