కొసరుగా వచ్చిన వేగం

ఆమదాలవలస స్టేషన్ రోడ్డులో బియ్యం, పప్పులు అమ్మే నగరేశ్వరరావు గారు కొసరు వెయ్యకుండా ఎవరినీ కొట్టు దిగనివ్వలేదు. కొసరు పుచ్చుకోకుండా తాను ఎవరి కొట్టూ దిగలేదు. కందిపప్పు తూచాక కాటా సరిగ్గా నిలిచినా సరే, పైన ఇంకో గుప్పెడు పడాల్సిందే. తక్కెడ పోయి ఎలక్ట్రానిక్ కాటా వచ్చి గింజ బరువు కూడా చెప్పడం మొదలుపెట్టినా ఆ గుప్పెడు ఆగలేదు. శ్రీకాకుళంలో పన్ను పీకించుకోడానికి వెళ్ళి, పక్క పన్ను ఊరికే శుభ్రం చేయించుకుని వచ్చారని బజారులో చెప్పుకుంటారు. నిజమేనా అని ఆయన్నే అడిగాను.

"పీకిన పన్ను ఆయనకే ఒగ్గీసినాను కదా. ఆమాత్రం సెయ్యడేటి?" అన్నారు.

అలాంటి మనిషి 2017లో స్పోర్ట్స్ కారు కొనాలనుకున్నారు. హైవే పక్కన తాతల నాటి మెట్ట భూమికి మంచి ధర వచ్చింది. ఆ డబ్బుతో బజారంతా కలిసి మాటల్లోనే ఆయన చేత మేడ కట్టించింది, మిల్లు పెట్టించింది, కల్యాణమండపానికి కూడా కొబ్బరికాయ కొట్టించింది. ఆయన మాత్రం చడీచప్పుడు లేకుండా విశాఖపట్నం వెళ్ళి, రెండే సీట్లున్న ఎర్ర కారొకటి చూసి వచ్చారు.

"రెండు సీట్లేటి బావా? ఆ డబ్బుకి ఊరంతా పట్టే బస్సు వస్తాది కదా" అన్నాడు బావమరిది గణపతిరావు. ఇతనిది ఎదురు కొట్టు. సెల్‌ఫోన్లు అమ్ముతాడు కాబట్టి లోకంలో ఉన్న యంత్రాలన్నిటి గురించీ తెలుసు.

నగరేశ్వరరావు గారు బావమరిదికి జవాబు చెప్పలేదు. ధాన్యం బేరాలు కుదిర్చే జోగయ్యకు మాత్రం చెప్పారు. ఆయన రహస్యం చెప్పే గొంతు కాస్త పెద్దది. అరుగు మీద కూర్చున్న నాకూ వినబడింది.

ఆదివారం ఆదివారం అరసవల్లి దేవుడి దర్శనానికి ఆయనా, భార్య భాగ్యవతీ కలిసి వెళ్ళడం పెళ్ళయిన నాటి నుంచీ ఉన్న అలవాటు. కలిసి అంటే సరుకు వ్యానులో. దేవుడి దర్శనమూ అవుతుంది, గుడి దగ్గర లాడ్జీలకు సరుకు వేసినట్టూ ఉంటుంది. ఆయన ముందు కూర్చుని నడిపేవారు. పక్క సీట్లో నూనె డబ్బాలు, వెనక తొట్టిలో పెడితే ఒలికిపోతాయి గనక. ఆవిడ వెనక బియ్యం బస్తాల మీద, ఆవిడ ఒలకదు గనక. అలా తిరిగి తిరిగి ఆవిడ నడుం అరిగిపోయింది. డాక్టరు బెల్టు రాసిచ్చాడు.

"ఒక్క రోజు కూడా నా పక్కన కూకోలేదురా జోగీ" అన్నారు నగరేశ్వరరావు గారు. "నూనె డబ్బాలు కాపోతే పిల్లలు, పిల్లలు కాపోతే మా అమ్మ. మూడో సీటున్న కారు కొన్నాననుకో, దాంట్లో ఏదో బస్తా ఎక్కిస్తాను. నా బుద్ధి నాకు తెలవదేటి? అందుకే రెండు సీట్లు. ఒకటి నాది, ఒకటి ఆవిడది."

ఇంత ప్రేమతో కొంటున్న కారు గురించి ఆవిడనొక మాట అడగాలని మాత్రం ఆయనకు తోచలేదు. అది ఆయన ఒక్కరి తప్పు కాదు. ఆ బజారు ఇళ్ళలో ఏ వస్తువు కొనాలో కొట్టు మీద మగవాళ్ళు తేలుస్తారు. ఆడవాళ్ళు దానికి పసుపు, కుంకుమ పెట్టే రోజున మొదటిసారి చూస్తారు. ఫ్రిజ్జూ అలాగే వచ్చింది, మిక్సీ కూడా అలాగే వచ్చింది.

షోరూము తరఫున విజయ్‌కుమార్ అనే కుర్రాడు టై కట్టుకుని ఆమదాలవలస వచ్చాడు. బస్తాల మధ్య కూర్చుని లాప్‌టాప్ తెరిచాడు.

"సార్, పెర్ఫార్మెన్స్ ప్యాకేజీ తీసుకుంటే ఇదే కారు వేరే లెవెల్లో ఉంటుంది. కంపెనీలోనే బిగించి వస్తుంది. గట్టి స్ప్రింగులు, పెద్ద బ్రేకులు, రేసు సీట్లు. కారు నేలకి ఇంకాస్త దగ్గరగా ఉంటుంది. సైలెన్సర్ సౌండు వేరు. సున్నా నుంచి వందకి అర సెకను ముందే వెళ్ళిపోతుంది."

"బాగున్నాది. వెయ్యండి."

"దానికి వేరే రేటు సార్."

నగరేశ్వరరావు గారు టీ గ్లాసు కింద పెట్టారు. "వేరేటి? కారు కొంతన్నాను కదా. దాని మీద పడేది కొసరు కాదేటి? కొసరుకి డబ్బులడిగిన కొట్టు నాను పుట్టి బుద్ధెరిగి సూడలేదు బాబూ."

విజయ్‌కుమార్ చదివిన ఎంబీఏలో కొసరు గురించి పాఠం లేదు. అతను గ్రాఫులు చూపించాడు. నగరేశ్వరరావు గారు అంతా శ్రద్ధగా చూసి, "ఇంత మంచిదైతే ఊరికే ఇవ్వడానికి మీకు సిగ్గెందుకు?" అన్నారు. ఆ డబ్బు ఆయనకు లెక్కలోది కాదు. కానీ కొసరుకు వెల కట్టి కొన్నాడని తెలిస్తే పలాస నుంచి రాజాం దాకా ఏ వర్తకుడి ముందూ తలెత్తుకోలేరు.

కుర్రాడు వస్తూ పోతూ ఉండగా, ఇంతకీ ప్యాకేజీ పనికొచ్చేదా కాదా అన్న చర్చ కొట్టు మీద మొదలైంది. కొట్టు పక్కన అట్ల బండి పెట్టుకునేవాడితో సహా, సైకిల్ తప్ప ఏదీ తొక్కనివాళ్ళు కూడా స్ప్రింగుల గురించి అభిప్రాయాలు ఏర్పరచుకున్నారు.

"పేకేజీ లేని స్పోర్ట్స్ కారంటే సిమ్ లేని ఫోను బావా" అన్నాడు గణపతిరావు.

"ఆ అర సెకను తెచ్చి ఏటి సేసుకుంటావు సావుకారూ?" అన్నాడు జోగయ్య. "రైలు గేటేసినాక గూడ్సు బండి ఎల్లేదాకా కూకోవాలి కదా. అప్పుడు తీసి వాడుకుంటావేటి?"

"రేసులో అర సెకనంటే సానా పెద్దది, నీకేటి తెలుసు?"

"ఎవులితో రేసు? పలాస పాసింజరుతోనా?"

"సరే, పెద్ద బ్రేకులేటికి?" అని నగరేశ్వరరావు గారే అడిగారు.

"స్పీడుగా ఎల్తే ఆపడానికి బావా."

"అంత స్పీడుగా ఎందుకెల్తాను?"

గణపతిరావు ఆలోచించాడు. "పెద్ద బ్రేకులుంటాయి కదా" అన్నాడు.

ఇంత విజ్ఞానం పోగైనా ఎటూ తేలలేదు. తేల్చింది విశాఖలో ఎవరో పెద్దమనిషి. ఆయన ప్యాకేజీతో సహా తెప్పించుకున్న కారు ఆఖరి నిమిషంలో వద్దన్నారు. డిసెంబరు వచ్చేసింది, సంవత్సరం మారితే కారు పాతదైపోతుంది. విజయ్‌కుమార్ ఫోన్ చేశాడు. "సార్, మీ మాటే నెగ్గింది. ప్యాకేజీ ఫ్రీ."

ఆ రోజు కొట్టుకు వచ్చిన ప్రతి మనిషికీ రెండు గుప్పెళ్ళ కొసరు పడింది. ప్యాకేజీ పనికొచ్చేదా కాదా అన్న ప్రశ్న అక్కడికక్కడే చచ్చిపోయింది. ఊరికే వచ్చింది పనికిరాకపోవడం ఏమిటి?

నడిపి చూసుకోండంటూ విజయ్‌కుమార్ ఆ ఎర్ర కారును స్టేషన్ రోడ్డుకు తెచ్చాడు. ధాన్యం బస్తాలో గొట్టం గుచ్చి నాలుగు గింజలు తీసి నమిలినట్టు, బజారు పెద్దలు ఒక్కొక్కరే ఎక్కి ఒక చుట్టు తిరిగి వచ్చారు. స్పీడు బ్రేకరు దగ్గర గణపతిరావు తల పైకప్పుకు కొట్టుకుంది. "సూపర్ బావా" అంటూ నెత్తి తడుముకుంటూ దిగాడు.

జోగయ్య దిగి, నిలబడి, ఒళ్ళు సరిచేసుకున్నాడు. "నా సిన్నప్పుడు మా నాన్న ఎడ్లబండి అచ్చం ఇలాగే ఉండేది. గాని ఊరికే ఇస్తన్నారు కదా. బాగున్నాది."

కొట్టు వెనకే ఇల్లు. షోరూము కుర్రాడి కోసం భాగ్యవతి టీ తెచ్చింది. అందరి ముందూ నగరేశ్వరరావు గారు కారు తలుపు తీసి పట్టుకున్నారు. "ఎక్కు భాగ్యం."

ఆవిడ చేతులు కొంగుకు తుడుచుకుని, లోపలికి వంగి చూసింది. "ఇది సీటా, గంపా అండీ? దీంట్లో కూకోవాలా, పడాలా?" అంది. చివరికి పడింది. కారు ఊరందరికీ వినపడేలా గర్జించి వెళ్ళింది.

రైల్వే గేటు దాటి, అవతల చెరుకు పొలాల దాకా వెళ్ళి తిరిగి వచ్చారు. దారిలో ఎన్ని గుంటలున్నాయో మాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది, ఆవిడ మొహంలో కనబడ్డాయి. కారు ఆగింది, తలుపు తెరుచుకుంది, మనిషి మాత్రం బయటికి రాలేదు. భర్త ఒక చెయ్యి, తమ్ముడు ఒక చెయ్యి పట్టుకుని లాగారు.

ఆవిడ నడుం మీద చెయ్యి వేసుకుని కాసేపు నిలబడింది. కోపం లేదు. "బాగున్నాదండీ. రంగు బాగున్నాది. ఆదివారం మీరు దీంట్లో ఎల్లండి. నాను బస్సులో వస్తాను. గుడి కాడ కలుసుకుందాం." టీ గ్లాసులు ఏరుకుని లోపలికి నడిచింది.

"అక్కా, ఊరికే వచ్చినాది కదే!" అని గణపతిరావు అరిచాడు.

"అయితే బావ పక్కన నువ్వు కూకోరా."

నగరేశ్వరరావు గారు విజయ్‌కుమార్ వైపు తిరిగారు. "ఆ స్ప్రింగులూ సీట్లూ తీసీసి మామూలువి వెయ్యి."

"కంపెనీ ఫిట్టింగ్ సార్, తీస్తే వారంటీ పోతుంది. మామూలు కారు కావాలంటే కొత్తగా బుక్ చెయ్యాలి. వేసవి దాకా రాదు. రేటు కూడా ఇంచుమించు దీనంతే అవుతుంది. ఇది లాభం సార్, వదులుకోకండి."

ఆయన వెళ్ళి కాటా ముందు కూర్చున్నారు. మినప్పప్పుకి కూర్మమ్మ అనే ముసలావిడ వచ్చింది. ఆయన తూచారు, పొట్లం కట్టారు, ఇచ్చారు. ఆవిడ కదల్లేదు. "కొసరు బాబూ?" అంది. ఆయనకు వినపడలేదు. జోగయ్య నా వైపు చూసి, "మనిషికి గట్టిగానే తగిలినాది" అన్నాడు. లేచి, తనే ఆవిడ పొట్లం విప్పి గుప్పెడు వేసి పంపాడు.

కాసేపటికి ఆయన ఇంట్లోకి వెళ్ళారు. మధ్యలో ఉన్నది ఒక గుడ్డ తెర మాత్రమే.

"నడుం ఎలాగున్నాది?"

"ఉన్నాది."

"ముందే ఒక మాట సెప్పకపోయినావా?"

"నన్నడిగినారేటి? గణపతినడిగినారు, జోగయ్యనడిగినారు, అట్ల బండోణ్ణి కూడా అడిగినారు. కూకునే నడుముని మాత్రం ఒక్కరూ అడగలేదు."

"నీకోసమే కదే, రెండు సీట్లు..."

"తెలుసు. మీరు జోగయ్యతో గుట్టుగా మాటాడితే స్టేషన్ దాకా వినిపిస్తాది." గిన్నె దించిన చప్పుడు. "మీ పక్కన కూకోవాలని నాకు మాత్రం లేదేటి? గాని ఒక మాట సెప్తాను, ఏటీ అనుకోకండి. దీనికన్నా మన బస్తాలే మెత్తగుంటాయండీ."

నగరేశ్వరరావు గారు తెర తీసుకుని బయటికి వచ్చారు. "బాబూ విజయ్‌కుమార్, పేకేజీ లేని కారు రాసుకో."

"సార్, అదే రేటుకి..."

"విన్నాను. రాసుకో. సీటు ఎంత మెత్తగుండాలో ఆవిణ్ణి అడిగి రాసుకో."

మర్నాడు చుట్టుపక్కల వర్తకులు కొట్టుకు పరామర్శకు వచ్చారు. చేతికొచ్చిన కొసరును వదిలేసుకున్న మనిషి ఎలా ఉన్నాడో చూసి, నాలుగు మాటలు ఓదార్పుగా చెప్పి, టీ తాగి వెళ్ళారు. గణపతిరావు మాత్రం వారం పాటు బావతో మాట్లాడలేదు.

మామూలు కారు మే నెలలో వచ్చింది. మొదటి ఆదివారం నేను అరసవల్లి వెళ్ళే ఆటోలో ఉన్నాను. శ్రీకాకుళం దాటాక ముందు వాహనాలన్నీ నిలిచిపోయి హారన్లు కొడుతున్నాయి. ఎక్కడో ప్రమాదం జరిగిందనుకున్నాం. తీరా చూస్తే రోడ్డు మధ్య కొత్త ఎర్ర కారు, కొబ్బరికాయల సైకిల్ వెనకాల, ఆ సైకిల్ని దాటే ఉద్దేశం లేకుండా పోతోంది. మా ఆటోవాడు పక్కకు తెచ్చి తల బయట పెట్టాడు.

"ఏటి సావుకారూ, పాడైపోనాదేటి? తొయ్యాలా?"

అద్దం కిందికి దిగింది. పక్క సీట్లో భాగ్యవతి తల వెనక్కి వాల్చి, నోరు కొంచెం తెరిచి నిద్రపోతోంది.

"హారన్ కొట్టకురా ఎదవా" అన్నారు నగరేశ్వరరావు గారు, ఆయన గొంతుకు చేతనైనంత మెల్లగా. "పడుకున్నాది."