జెద్దాకు మోసుకెళ్ళిన బూట్లు

ఈ రోజు కూడా స్టోరు తలుపు తీయగానే తడి తోలు వాసన గుప్పున కొట్టింది. వేరే ఎవరైనా ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం టామ్ సార్ గుర్తొస్తారు. ఈ అరబ్బు ఊరు అల్ ఖర్జ్‌లోని మా చిన్న ఫుట్‌బాల్ క్లబ్బుకు రెండేళ్ళు కోచ్‌గా ఉన్న ఇంగ్లీషాయన. నేను కడపవాడిని, ఇక్కడ ఆటగాళ్ళ జెర్సీలు, బూట్లు చూసుకోవడం నా పని. ఆయన పెద్ద ఆటగాడా అని చాలామంది అడుగుతారు. కాదు. ఇంగ్లండులో కింది స్థాయి క్లబ్బుల్లో ఆడి, మోకాలు చెడి, ముప్పై నిండకుండానే అలాంటి క్లబ్బులకే కోచ్ అయ్యారు.

వచ్చిన మొదటి వారమే బూట్లు ఎవరూ ఇంటికి తీసుకెళ్ళకూడదని, అన్నీ స్టోర్లోనే ఉండాలని ఆజ్ఞాపించారు. ఒక సాయంత్రం నా పక్కన కూర్చుని బ్రష్షు అందుకున్నారు. నేను కంగారుపడి లేవబోయాను.

"కూర్చో బాషా. పదహారేళ్ళప్పుడు మా క్లబ్బులో పెద్ద ఆటగాళ్ళ బూట్లు నేనే తుడిచేవాణ్ణి. మా ఊళ్ళో ఆట నేర్చుకోవడం అక్కడే మొదలు," అన్నారు.

ఆయన తుడిచిన జత నా జతకంటే మెరిసింది. లోపల కాస్త ఉడుక్కున్నాను కూడా.

ఆ ఏడాది చివరి మ్యాచ్ జెద్దాలో, శుక్రవారం సాయంత్రపు అసర్ నమాజు కాగానే. ఓడితే మేం కింది డివిజన్‌కు పడిపోతాం, సార్ ఉద్యోగం పోతుంది. గురువారం తెల్లవారగానే బస్సు బయలుదేరింది. దారిలో టీకి ఆగినప్పుడు, మ్యాచ్ వివరాలు రాసి సార్ నాకిచ్చిన కాగితం జేబులోంచి తీసి మొదటిసారి చదివాను. అక్కడి మైదానం ప్లాస్టిక్ గడ్డిది. దాని మీద అడుగున మేకుల్లాంటి ఇనుప స్టడ్లున్న బూట్లతో దిగనివ్వరు. నేను సర్దినవేమో అన్నీ ఇనుప స్టడ్లవే! అంతకుముందు సులై అనేచోట ఒక గోడౌన్లో పనిచేసేటప్పుడు, తప్పు ఒప్పుకున్నవాడికే తిట్లు పడేవి. దొరికేదాకా నోరు మెదపకపోవడమే అక్కడ నేర్చిన తెలివి. ఆ తెలివితోనే రెండు గంటలు కిటికీలోంచి ఎడారి చూస్తూ కూర్చున్నాను. వీసా రద్దు చేసి ఫైనల్ ఎగ్జిట్ ముద్ర కొట్టి ఇంటికి పంపిస్తారన్న భయమే తప్ప కళ్ళకు ఇంకేమీ కనబడలేదు. చివరికి తట్టుకోలేక లేచి ముందు సీటు దగ్గరికి వెళ్ళి చెప్పేశాను.

"ఎప్పుడు తెలిసింది?" అన్నారు సార్.

"రెండు గంటలైంది సార్."

ఆయన తన మోకాలు చూపించారు. "నొప్పిని మూడు వారాలు దాచాను. చెబితే జట్టులోంచి తీసేస్తారని భయం. ఆ తర్వాత మళ్ళీ ఆడిందే లేదు. నువ్వు రెండు గంటలే పోగొట్టావు. జెద్దాలో నీకెవరు తెలుసు?"

మా ఊరి ఖాదర్ అన్నకు అక్కడ ఆటసామాన్ల అంగడి ఉంది. ఫోన్ చేశాను.

"ఏమప్పా బాషా, ఈపొద్దన్నా చెప్పినావు, బతికించినావు! రేపు శుక్రవారం, అసర్ అయ్యేదాంక అంగడి తెరిచేది ల్యా. సైజులు చెప్పు."

పద్దెనిమిది మంది సైజులూ కాగితం చూడకుండా అప్పజెప్పాను. సార్ నా వైపు చూసి నవ్వారు. ఆ రాత్రే ఖాదర్ అన్న అంగడి నుంచి ఆ మైదానానికి పనికొచ్చే బూట్లు తెచ్చుకున్నాం. మ్యాచ్ చెరో గోలుతో సమంగా ముగిసింది. ఆ ఒక్క పాయింటుతో గట్టెక్కాం. ఆటగాళ్ళు సార్‌ను భుజాలకెత్తుకున్నారు, నేను బూట్ల గుట్ట పక్కన కూలబడి హాయిగా ఏడ్చాను. మరుసటి ఏడాది ఆయన తన దేశంలోని ఇంకో చిన్న క్లబ్బుకు వెళ్ళిపోయారు.

పోయిన నెల పరీక్ష చేయిస్తే నాకు షుగర్ ఉందని తేలింది. పాత బాషా అయితే సెలవుకు ఇంటికెళ్ళేదాకా దాచేవాడు. ఆస్పత్రి మెట్ల మీదే నిలబడి మా ఆవిడకు ఫోన్ చేశాను.

"ఎప్పుడు తెలిసింది?" అంది కంగారుగా.

"ఇప్పుడే," అన్నాను.