ఎర్రయ్య చెప్పే ధరలు

మా ఆఫీసు ఫ్యాన్‌కి అయిదు స్పీడులున్నాయి. అయిదూ ఒకటే. కాగితాలు మాత్రం ఎగురుతాయి, చెమట ఆరదు.

మూడేళ్ల కిందటి వేసవి. కళింగపట్నం దగ్గర మత్స్యశాఖలో గుమస్తాను. అంతకు ఏడాది ముందు వేటకెళ్లిన బోటొకటి దారి తప్పి, బంగ్లాదేశ్ జలాల్లో తిరగబడింది. ఎర్రయ్య గల్లంతయ్యాడు. అదే బోటులో వెళ్లి పట్టుబడ్డ అతని చిన్నాన్న కొడుకు రాములు అక్కడి జైల్లో ఏడాది ఉండి, ఆ ఉదయమే రైలు దిగి నేరుగా మా ఆఫీసుకు వచ్చాడు. ఎర్రయ్య భార్య ఎల్లమ్మ, ఎండుచేపలు అమ్ముకునే మనిషి, అప్పటికే బల్ల మీద కూర్చుని ఉంది.

ఆమె పింఛనుకు కావలసింది ఐ విట్‌నెస్ స్టేట్‌మెంట్, అంటే కళ్లారా చూసినవాడి మాట. శవం దొరకని చావుకు ఫైల్లో శవం అదే.

జైల్లో పొద్దెలా గడిచిందని రాములుని అడిగాను, మాట కలపడానికి.

"ధరలు సెప్పుకునీవోళ్లం బాబూ. గుడ్డు అక్కడ పదమూడు టాకాలు, మన లెక్కలో తొమ్మిది రూపాయలు. ఇక్కడ ఆరే. నూనె కూడా అక్కడే పిరిం. ఏ దేశంలో బతుకు సవకో రోజూ తేల్సుకునీవోళ్లం."

"అక్కడి ధరలు ఎవరు చెప్పేవారు?"

"సెంట్రీ."

"ఇక్కడివి?"

"ఎర్రయ్యన్న."

ఫైలు తిరగేశాను. ఆ జైలు పంపిన జాబితాలో ఎర్రయ్య పేరు లేదు.

"అతను మునగడం చూశావు కదా?"

"సూసినాను. మునిగినాడు, పైకి రానేదు. సచ్చిపోనాడని ఎలా సెప్తాను బాబూ? సందేళ జైలు గోడ కాడికొచ్చి కూకునీవోడు. ఒళ్లంతా తడి."

"ఒరే రాములూ, మతి పోయిందేటిరా నీకు?" అంది ఎల్లమ్మ.

"ఈ పొద్దు రైల్లో కూడా వొచ్చినాడు వదినా. నువ్వు కవళ్ల సేపల కుప్ప యాభై నుంచి అరవై సేసినావంట."

ఎల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇందాక ఇక్కడ కూకునే అనుకున్నాను, అరవై సెప్పాలని. ఎవలికీ సెప్పనేదు."

నేను ఎం.కామ్. చదివాను. ధరల సమాచారం ఎలా సేకరిస్తారో పరీక్షలో మూడు పేజీలు రాశాను. ఈ పద్ధతి రాయలేదు.

ఫారంలో 'మృతి ఎలా తెలిసింది' అనే గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. ఆ గడిని అంత చిన్నదిగా ఎందుకు వేశారో ఇరవయ్యేళ్ల సర్వీసులో ఆ రోజే అర్థమైంది.

"పోనీ, బతికున్నాడని రాయమంటావా?"

"నాకేటి తెల్సు బాబూ," అన్నాడు రాములు.

ఎల్లమ్మ లేచి నిలబడింది.

"సచ్చిపోనాడనే రాయండి బాబూ. బతికున్నన్నాళ్లూ మా ఆయనికి ఉప్పు ధరేటో తెలీదు."