కాలవ చివర మోగని గంట

మా అత్తగారికి జ్వరమొస్తే తగ్గుతుంది గానీ, చెల్లెలి మీద కడుపుమంట మాత్రం తగ్గదు. చిన్నత్తయ్య పొలం కాలవ మొదట్లో ఉంది, మాది చిట్టచివర. "దానికి తల, నాకు తోక! మా నాన్న చేసిన న్యాయం చూశావా కోడలా?" అని నేను కాపురానికొచ్చిన కొత్తలోనే అంది. చెల్లెలు కొత్త గొడుగు కొంటే ఈవిడకు మా గొడుగులో చిల్లులు కనబడతాయి. అక్కడ ఉల్లిపాయలు లావుగా ఊరితే "ఎరువు మింగి ఉబ్బాయిలే" అంటుంది. అవే మా ఇంటికొస్తే మొదట తినేదీ ఈవిడే. పొరుగింటి పుల్లకూర రుచి మరి!

మా లోయలో ఏటా కాలవ పండగ జరుగుతుంది. పూర్వం పెద్దలు గునపాలతో కొండ చుట్టూ తవ్విన కాలవ ఇది. ఆ రోజు పైన గేటెత్తి వదిలిన తొలి నీళ్ళను దారిలో ఎవరూ ముట్టుకోకూడదు. అవి చివరి పొలం చేరాక, ఆ ఇంట్లో పెద్దవాళ్ళు గట్టు మీది గంట కొట్టాలి. అది విని పై పొలం వాళ్ళు, వాళ్ళది విని ఆ పైవాళ్ళు కొడుతూ పోతే కబురు గేటుకు చేరుతుంది. అప్పుడే గేటు దించుతారు, అప్పుడే భోజనాలు. అందాకా గేటెత్తిన మనిషి చక్రం మీంచి చెయ్యి తియ్యకూడదు. తీస్తే ఆ ఏడు గేటు గోడ మీద పేరు రాయరు.

ఈసారి గేటెత్తే గౌరవం చిన్నత్తయ్యకు దక్కింది. మా అత్తగారు అగ్గిమీద గుగ్గిలమైంది.

"పెద్దదాన్ని నేను బతికుండగా దానికిస్తారా? నా చేతులేమన్నా పడిపోయాయా?"

పండగనాడు మధ్యాహ్నం నీళ్ళు గలగలమంటూ మా పొలానికి వచ్చేశాయి. మా అత్తగారు గంట కొట్టే సుత్తి ఒళ్ళో పెట్టుకుని గట్టు మీద చతికిలబడింది.

"అత్తయ్యా, కొట్టండి!"

"కొట్టను. నిలబడనీ దాన్ని. కాళ్ళు పీకనీ. పేరు కావాలిగా!"

"ఊరంతా ఆకలితో కూర్చుందండీ!"

"కూర్చోనీ. నేను కడుపు నిండా తినే వచ్చాను."

నాకు ఒళ్ళు మండింది. సుత్తి లాక్కోబోయాను. ఆ వయసులో ఆవిడకు అంత పట్టు ఎక్కడిదో గానీ, నా చెయ్యి పట్టు జారింది. ఇద్దరం పెనుగులాడుతుంటే వెనక బుడబుడమని చప్పుడైంది. మామూలుగా గంట మోగగానే గేటు దించేస్తారు కాబట్టి మాకు అందేది కాసిని నీళ్ళే. ఆ రోజు గంట మోగలేదు, గేటు దిగలేదు. నీళ్ళు గట్టు తెంచుకుని మా ఉల్లినారు మడుల్లోకి దూకాయి. నాటడానికి సిద్ధంగా ఉన్న నారంతా వేళ్ళతో సహా లేచి తేలిపోయింది.

మా అత్తగారు సుత్తి పారేసి నీళ్ళలోకి దిగింది. దోసిళ్ళతో నారు ఏరుకుంటూ లబోదిబోమంది. ఏరింది ఏరినట్టే జారిపోయింది.

అప్పుడే గట్టు మీద చిన్నత్తయ్య కనబడింది. పండగ బట్టలు మోకాళ్ళ దాకా బురద, మనిషి రొప్పుతోంది.

"అక్కా! ఏమైందే నీకు? గంట వినబడకపోతే ఎక్కడ పడిపోయావో అని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చానే!"

"చక్రమో?" అంది మా అత్తగారు.

"చక్రానికేం, వదిలేశా. గేటు వాళ్ళే దించుకుంటారు. నువ్వు బాగున్నావా, అది చెప్పు!"



ఈ ఏడు గోడ మీద పేరు లేదు. ఈవిడ కోరుకున్నదే జరిగింది. అయితే ఆ గోడ మీది పాత పేర్లు ఎవరికీ గుర్తులేవు. అక్క కోసం గేటు వదిలి పరుగెత్తిన చెల్లెలి మాట మాత్రం లోయలో ఏ ఇంట విన్నా అదే. మర్నాడు చిన్నత్తయ్య తన మడిలోని నారు రెండు గంపలు పంపింది.

అత్తాకోడళ్ళం వంగి ఆ నారు నాటుతుంటే, మా అత్తగారు ఉన్నట్టుండి ఆగిపోయింది. కళ్ళనిండా నీళ్ళు.

"కోడలా, నిజం చెప్పు. దాని గంట మోగకపోతే నేనట్టా పరుగెత్తేదాన్నా?"

నేను తల వంచుకుని ఇంకో మొక్క నాటాను.