మెరిసే నీళ్ళ మీద కాపలా

"రొయ్యల చెరువు గట్టున ఇరవై ఏళ్ళు రాత్రి కాపలా కాసినవాడివి, సముద్రం మీద రాత్రికి మూడు గంటలు నీకో లెక్కా తమ్ముడూ?" అన్నారు మా తోడల్లుడు సుబ్బారావుగారు. ఆయన ఓడల్లో పనిచేసి రిటైరై, తాళ్ళరేవులో చెక్కతో చిన్న తెరచాప పడవ కట్టించుకున్నారు. దాన్ని చెన్నై చేర్చాలి, కాపలాకి ఒక మనిషి తక్కువయ్యాడు. పొగడ్తకి పడిపోయాను. చెరువు బావమరిదికి అప్పగించి, పుష్యమాసం చివర్లో తెల్లవారుజామున ఐదున్నరకి భీమవరంలో పాసింజరు ఎక్కేశాను.

సామర్లకోటలో దిగి, నాలుగిడ్లీ తిని, బస్సులో పదకొండుకి కాకినాడ రేవు చేరాను. మూడో మనిషి నూకరాజు, ఉప్పాడలో చేపలవేట చేసే కుటుంబం. మధ్యాహ్నం రెండింటికి తాడు విప్పాం. చీకటి పడేసరికి గట్టు కనబడలేదు. మెల్లగాలి, మా వేగం మనిషి నడకంత. సైకిలు మీదైతే ముందే చేరేవాళ్ళం.

నా కాపలా పన్నెండు నుంచి మూడు. చుక్కాని పట్టుకుని చుట్టూ చూస్తూ ఉండాలి. "అనుమానం వస్తే చాలు, లేపెయ్. మొహమాటపడకు. ముగ్గురి ప్రాణాలూ నీ కళ్ళ మీదే ఉన్నాయి" అని సుబ్బారావు అన్నయ్యగారు పడుకున్నారు.

చంద్రుడు లేడు. చుక్కలు నీళ్ళని తాకేదాకా ఉన్నాయి. ఆకాశం ఇంత పెద్దదని నాకు యాభయ్యో ఏట తెలిసింది. ఒంటిగంట దాటాక వెనక్కి తిరిగి చూశాను. పడవ దాటొచ్చిన దారంతా నీళ్ళు ఆకుపచ్చగా మెరుస్తున్నాయి! మా చెరువుల్లో రాత్రిపూట నీళ్ళు మెరిశాయంటే జబ్బు తగిలినట్టే. ఆరేళ్ళ క్రితం అలా మెరిసిన వారానికే నా రొయ్యల పంటంతా చచ్చి గట్టుకి కొట్టుకొచ్చింది.

"అన్నయ్యగారూ, లేవండి! నీళ్ళకి జబ్బు తగిలిందండి!"

ఇద్దరూ పరిగెత్తుకొచ్చారు. నూకరాజు నవ్వాపుకోలేక కూలబడ్డాడు. "సముద్రానికి జబ్బేంటండి బాబూ! ఈ అమావాస్య రోజుల్లో ఇది మామూలేనండి."

అన్నయ్యగారు మాత్రం నవ్వలేదు. "లేపావు, మంచిపని చేశావు" అని వెళ్ళి పడుకున్నారు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. కాసేపటికి బకెట్టుతో నీళ్ళు తోడి చెయ్యి ముంచాను. చెయ్యి కదిపినంతసేపే వేళ్ళ సందుల్లోంచి వెలుగు జారింది. కలలో వచ్చినా ఉలిక్కిపడి లేచే వెలుగు ఇంత అందంగా ఉంటుందా! నాకు తెలియకుండానే దండం పెట్టాను.

నాలుగో రాత్రి, రెండింటికి. ముందు ఎక్కడా దీపం లేదు. కానీ నీళ్ళ మీద ఒకేచోట సన్నటి మెరుపు గీత వెలుగుతూ ఆరుతూ కనిపించింది. దేనికైనా తగిలితేనే ఈ నీళ్ళు మెరుస్తాయి. నడిసముద్రంలో తగలడానికి ఏముంది? లేపుదామనుకున్నాను. మళ్ళీ నవ్వుతారేమోనని ఆగాను. ఆ గీత ఇంకా దగ్గరైంది.

"అన్నయ్యగారూ!" అని కేకేశాను.

ఆయన వస్తూనే చుక్కాని ఒక్క లాగు లాగారు. నాలుగు బారల దూరంలో, అలలు అంచుకి తగిలి మెరుస్తూ, దీపం లేని చేపల పడవొకటి మా పక్కనుంచి వెనక్కి జరిగింది. అందులో ఐదుగురు దుప్పట్లు కప్పుకుని నిద్రపోతున్నారు. నూకరాజు టార్చి వేసి గొంతు చించుకుంటే ఒకతను లేచి కూర్చున్నాడు.

"బ్యాటరీ అయిపోద్దని మేమూ లైట్లు తీసేసి పడుకుంటామండి" అన్నాడు నూకరాజు. టార్చి ఆర్పి, "నేనైతే చూసుండేవాణ్ణి కాదండి. మెరుపు రోజూ ఉండేదే కదాని వదిలేద్దును" అన్నాడు.

మర్నాటి సాయంత్రం చెన్నై చేరాం. వెళ్ళాలనుకునేవాళ్ళు స్వెట్టరు, టార్చి, డబ్బాడు జంతికలు పట్టుకెళ్ళండి. మొహమాటం మాత్రం ఇంట్లో వదిలెళ్ళండి.

రాత్రి రైలెక్కి పొద్దున్నకి భీమవరంలో దిగాను. ఆ రాత్రే చెరువుకెళ్ళి, గట్టు మీద లైటు ఆర్పి, నీళ్ళలో చెయ్యి పెట్టి కలిపాను.

"ఏంటి బావగారూ, మెరుస్తోందా?" అన్నాడు బావమరిది కంగారుగా.

"లేదులే" అన్నాను. బతికిపోయాం అనుకున్నాను. అయినా చెయ్యి బయటికి తియ్యకుండా, ఇంకోసారి కలిపి చూశాను.